చుక్కలో సముద్రం: చూసింది చూసినట్టు

ఉప్పునీటి చేపల తొట్టె కొత్తగా పెట్టిన ఇంట్లో రెండు మూడు వారాలు గడిచేసరికి ఒక గొడవ మొదలవుతుంది. అద్దాల మీద, ఇసుక మీద గోధుమరంగు పొర కమ్ముకొస్తుంది. అంత డబ్బు పోసి పెట్టిన తొట్టె కాస్తా మురికి గుంటలా కనిపిస్తుంది. దాదీ అయితే "పాచి పట్టింది బేటా, తుడిచెయ్" అంటుంది. దుకాణదారు ఏదో మందు సీసా చూపిస్తాడు. అందరూ తుడిచేస్తారు. తుడిచే ముందు ఆ పొరలోంచి సూదిమొన మీద నిలిచేంత తీసి, గాజు పలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద చూసినవారు మాత్రం కాసేపు మాట మరిచిపోతారు.

అక్కడ కనిపించేవి గాజు పడవలు. రెండు కొసలూ సన్నగా, నడుమ కాస్త వెడల్పుగా, లోపల తేనెరంగు నింపుకుని, తెడ్డూ తెరచాపా లేకుండా మెల్లగా జారిపోతుంటాయి. ఒకదాన్నొకటి ఢీకొంటాయి, ఆగుతాయి, వచ్చిన దారినే వెనక్కి వెళతాయి. వీటి పేరు డయాటమ్‌లు. పడవలా ఉండే ఒక రకానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నావిక్యులా. లాటిన్‌లో ఆ మాటకు చిన్న పడవ అనే అర్థం. ఒక్కో డయాటమ్ ఒకే ఒక్క జీవకణం. దాని ఒంటిచుట్టూ ఉన్నది నిజంగానే గాజులాంటి సిలికా పెంకు. అత్తరు డబ్బీకి మూత బిగించినట్టు రెండు సగాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఆ పెంకు మీద గీతలు, చుక్కలు ఎంత క్రమంగా ఉంటాయంటే, పాతకాలంలో మైక్రోస్కోపు కటకం మంచిదో కాదో తేల్చుకోవడానికి డయాటమ్ పెంకునే పరీక్షగా పెట్టేవారు. భూమి మీద మొక్కలూ శైవలాలూ కలిసి చేసే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు ఈ కంటికి కనపడని జీవులదే. మనం తుడిచి పారేసే పాచి మన ఊపిరిలో భాగస్వామి అన్నమాట.

ఈ జీవులను ఇంట్లోనే ఫోటో తీయడం ఇప్పుడు కష్టమైన పని కాదు. పిల్లలు చదువుకునే మైక్రోస్కోపు, చేతిలోని ఫోను ఉంటే చాలు. అయితే తీసిన ఫోటో ఎంతవరకు నిజం చెబుతుందన్నది వేరే ప్రశ్న. సృష్టిని చూడమని, దాని గురించి యోచించమని దివ్య ఖుర్ఆన్ మనల్ని పదేపదే పిలుస్తుంది. చీమ, తేనెటీగ, సాలెపురుగు పేర్ల మీద సూరాలే ఉన్నాయి. చూడమన్నప్పుడు సరిగ్గా చూడడం కూడా అందులో భాగమే కదా. చూసినదాన్ని నలుగురికీ చూపించేవాడు ఒక విధంగా సాక్ష్యం చెబుతున్నట్టే.

ముందు తొట్టె సంగతి. మంచినీటి చేపలు మన ఇళ్లకు కొత్త కాదు. ఉప్పునీటి తొట్టె దారి వేరు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి. వేడి 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. వంటింటి ఉప్పు కలిపితే పని జరగదు. కాల్షియం, మెగ్నీషియం మొదలైనవన్నీ తగుపాళ్లలో ఉన్న అక్వేరియం ఉప్పునే శుద్ధిచేసిన నీటిలో కలుపుకోవాలి. బోరునీళ్లు పోస్తే అందులోని సిలికా డయాటమ్‌లకు విందుభోజనం అవుతుంది. ఇంకో మాట. తొట్టెలో నీరు ఆవిరై తగ్గినప్పుడు పోయవలసింది ఉప్పు కలపని శుద్ధజలం. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కొత్తవాళ్లు ఉప్పునీరే పోస్తూపోతే నెల తిరిగేలోగా చేపలు ఉక్కిరిబిక్కిరి అవుతాయి.

పగడాల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విదేశీ పుస్తకాల్లో కనిపించే అక్వేరియంలు రంగురంగుల పగడాలతో కళకళలాడుతుంటాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో దిబ్బలు కట్టే పగడాలను, సముద్ర గుర్రాలను మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. సముద్రంలోంచి విరిచి తెచ్చినదాన్ని "ఎక్కడిదో ఎవరికి తెలుసు" అని చాటుగా కొనుక్కుని, దాన్ని ఫోటో తీసి సుబ్‌హానల్లాహ్ అనడం ఏ విధమైన ధర్మమో కొనేవాళ్లే చెప్పాలి. పింగాణీతో చేసిన రాళ్లు, హేచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ చేపల జంట, కాస్త ఇసుక ఉంటే మనం చెప్పుకునే పనికి సరిపోతాయి. సూక్ష్మజీవులను ఎవరూ కొనక్కర్లేదు. చేపతో వచ్చిన నీటిలోనో, నత్తగుల్ల మీదనో, మరొకరి తొట్టెలోంచి తెచ్చిన పిడికెడు ఇసుకలోనో పిలవని అతిథుల్లా అవే వస్తాయి.

ఇషా నమాజు అయ్యాక గదిలో దీపాలన్నీ ఆర్పి, తొట్టె అద్దం మీద టార్చి వేసి చూడండి. పగలు లేని సంత రాత్రి కనిపిస్తుంది. ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు అద్దం మీద గబగబా పాకుతూ, చటుక్కున గెంతుతూ ఉంటాయి. ఇవి కోపిపాడ్‌లు, రొయ్యలకు దూరపు చుట్టాలు. ప్రపంచంలో లెక్కకు అత్యధికంగా ఉన్న జంతువుల్లో ఇవీ ఒకటని శాస్త్రజ్ఞులు చెబుతారు. సముద్రంలో డయాటమ్‌లను ఇవి తింటాయి. వీటిని చిన్న చేపలు తింటాయి. వాటిని పెద్ద చేపలు తింటాయి. మన పళ్లెంలోకి వచ్చిన వంజరం వెనుక ఇంత వరుస ఉంది. తొట్టె గోడ మీద పాకే కోపిపాడ్‌ను పిప్పెట్‌తో పీల్చి 40 రెట్లు పెద్దదిగా చూస్తే నెత్తి మధ్యలో ఒకే ఒక ఎర్రటి కన్ను మెరుస్తుంది. ఆడదైతే తోక దగ్గర గుడ్ల సంచి మోసుకుని తిరుగుతుంటుంది. సంచిలోని గుడ్లను ఫోటోలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు.

ఆ గుడ్డులోంచి వచ్చే పిల్ల తల్లిలా ఉండదు. మూడు జతల కాళ్లున్న చిన్న నల్లిలా ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. 18వ శతాబ్దంలో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఓ. ఎఫ్. ముల్లర్ దీన్ని చూసి ఇదొక ప్రత్యేక జంతువని భావించి నాప్లియస్ అని వేరే పేరు పెట్టాడు. అంతటి పరిశీలకుడే పిల్లను వేరే జాతి అనుకున్నాడు. ఆ పేరు ఇప్పుడు జంతువుకు కాక బాల్యదశకు నిలిచిపోయింది. మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో పనిచేసేవారికి నాప్లి అన్న మాట కొత్తకాదు. భీమిలి నుంచి నెల్లూరు వరకు ఉన్న హేచరీల్లో రొయ్య పిల్లలకు మొదటి మేతగా డయాటమ్‌లనే ట్యాంకుల్లో పెంచుతారు. రోజూ మైక్రోస్కోపు చూస్తూ పొట్టపోసుకునే యువకులు మన తీరంలో ఎందరో ఉన్నారు. వారి చేతుల్లోని ఫోన్లలో ఎన్ని అద్భుతాలు తీయకుండా ఉండిపోతున్నాయో.

కోపిపాడ్ పిల్ల ఆరు నాప్లియస్ దశలు దాటి, మరో ఐదు దశలు దాటితేగాని తల్లిలాంటిది కాదు. ప్రతి దశకూ పాత తొడుగు విడిచిపెడుతుంది. ఈ మార్పులన్నిటినీ వరుసగా ఫోటో తీయగలిగితే పాఠ్యపుస్తకంలోని పేజీ ఇంట్లోనే తయారవుతుంది. ఒక్క ఫోటోతో తృప్తిపడితే ముల్లర్ పడిన పొరపాటే మనకూ ఎదురవుతుంది.

ఇసుకలో వెతికితే మరో విచిత్రం. నత్తగుల్లలా సుడులు తిరిగినవి, నక్షత్రంలా కోణాలున్నవి, ఇసుక రేణువంత సున్నపు గుల్లలు దొరుకుతాయి. వీటిని ఫొరామినిఫెరా అంటారు. గుల్ల ఎంత అందంగా ఉన్నా లోపలున్నది ఒకే కణం. బతికున్నదైతే గుల్ల రంధ్రాల్లోంచి సాలెదారాల కన్నా సన్నని తంతువులు చాచి ఆహారాన్ని లాక్కుంటుంది. ఈజిప్టులో గిజా పిరమిడ్‌ల సున్నపురాయి ఈ జాతికే చెందిన పెద్ద గుల్లలతో నిండి ఉంటుంది. నాణెంలా ఉంటాయని వాటిని నమ్యులైట్‌లు అన్నారు. పిరమిడ్ కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పుగింజలు రాయిగా మారాయని అక్కడ చెప్పుకునేవారట. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో ఆ మాట విని రాసిపెట్టాడు. అతని దగ్గర మైక్రోస్కోపు లేదు.

ఇక ఫోటో ఎలా తీయాలి? ముందు మైక్రోస్కోపు. కళాశాలల్లో వాడే మామూలు రకం చాలు. కింద 4, 10, 40 రెట్ల కటకాలు, పైన 10 రెట్ల కంటి కటకం ఉంటాయి. రెండింటినీ గుణిస్తే 40, 100, 400 రెట్లు. కొత్తవారు నేరుగా 400కు పోతారు, ఏమీ కనపడక విసిగిపోతారు. కోపిపాడ్‌కు 40 చాలు. డయాటమ్‌కు 400 కావాలి. అంత కొనలేనివారికి కాగితంతో మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్ ఉంది. భారత సంతతికి చెందిన మను ప్రకాశ్, ఆయన బృందం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దీన్ని తయారుచేసి 2014లో వివరాలు ప్రకటించారు. చిన్న గాజుపూస వంటి కటకంతో అది సుమారు 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది. దాన్ని ఫోను కెమెరాకు అంటించి ఫోటో తీయవచ్చు.

స్లైడు మీద చుక్క వేసి పైన కవర్ స్లిప్ మూస్తే కోపిపాడ్ నలిగి చస్తుంది. అందుకని కవర్ స్లిప్ నాలుగు మూలలా చిటికెడు వాజిలీన్ అద్దితే కింద కాస్త చోటు మిగులుతుంది. మధ్యలో గుంట ఉన్న స్లైడు దొరికితే మరీ మంచిది. ఉప్పునీటి చుక్కతో ఒక తొందర ఉంది. అది ఆరుతున్నకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. పది పదిహేను నిమిషాల్లో చుక్క అంచున ఉప్పు పలుకులు కట్టడం, జీవులు మందగించడం కనిపిస్తుంది. అప్పుడు ఇంకో నాలుగు ఫోటోల కోసం ఆశపడకుండా కొత్త చుక్క వేయాలి. పాత రకం బల్బు వేడికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది కాబట్టి ఎల్.ఇ.డి. దీపం మేలు. 40 రెట్ల కటకం స్లైడుకు దాదాపు తగిలేంత దగ్గరగా వస్తుంది. దానికి ఉప్పునీరు అంటితే వెంటనే శుద్ధజలంతో తడిపిన మెత్తటి కాగితంతో తుడవకపోతే కటకం పాడవుతుంది. ఎన్నో మంచి కటకాలు ఈ ఒక్క అశ్రద్ధకే బలయ్యాయి.

ఫోనును చేత్తో కంటి కటకం మీద పెడితే బొమ్మ కదులుతుంది. ఫోను బిగించే చిన్న పట్టీలు బజారులో దొరుకుతాయి. కెమెరా తనంతట తాను వెలుగు సర్దుకోవడం మాన్పించి మనమే నిర్ణయించాలి. గెంతే జీవికి సెకనులో 500వ వంతు కన్నా తక్కువ సమయం చాలు, అయితే దానికి వెలుగు బాగా కావాలి. జీవి ఆగదు కదా అని మందు వేసి చంపి తీసేవారున్నారు. దూది పోగులు రెండు మూడు చుక్కలో వేస్తే జీవి వాటి మధ్య చిక్కి నెమ్మదిస్తుంది. ఫోటో అయ్యాక బతికే ఉంటుంది. దీనికి ఓర్పు కావాలి, అంతే.

ఎక్కువమందికి తెలియని కిటుకు ఒకటుంది. పైసా ఖర్చులేనిది. మైక్రోస్కోపు అడుగున కాంతి వచ్చే కటకం కింద, సరిగ్గా మధ్యలో, నాణెమంత నల్ల కాగితం బిళ్ల అడ్డుపెట్టండి. సూటిగా వచ్చే కాంతి ఆగిపోతుంది. పక్కల నుంచి వచ్చే కాంతి మాత్రం జీవి ఒంటికి తగిలి కటకంలోకి చేరుతుంది. నల్లని ఆకాశంలో నక్షత్రంలా ఆ జీవి వెలిగిపోతుంది. బిళ్ల ఎంత పెద్దదిగా ఉండాలో రెండు మూడు సైజులు కత్తిరించి చూసుకోవాలి. 4, 10 రెట్ల కటకాలకు ఇది చక్కగా కుదురుతుంది.

ప్రతి వస్తువు నుంచీ కాంతి బయలుదేరి కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతుందని ప్రయోగాలతో వాదించినవాడు బస్రాలో సుమారు 965లో పుట్టిన ఇబ్నుల్ హైసమ్. కంటిలోంచి కిరణాలు పోయి వస్తువును తడుముతాయని అంతకుముందు గొప్ప గొప్ప గ్రీకు పండితులు అనుకున్నారు. కైరోలో ఉంటూ ఆయన రాసిన కితాబుల్ మనాజిర్ ఏడు భాగాల గ్రంథం. చివరి భాగం నీటిలో, గాజులో కాంతి వంగడం గురించినది. మైక్రోస్కోపు కటకం పనిచేసేది ఆ వంపు మీదనే. చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, గ్రహణవేళ సూర్యబింబం లోపల ఎలా పడుతుందో ఆయన వేరొక రచనలో పరిశీలించాడు. ఆ గదిని అరబ్బీలో అల్ బైతుల్ ముజ్లిమ్, అంటే చీకటి గది అన్నారు. ఆయన గ్రంథం లాటిన్‌లోకి వెళ్లి, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. ఆయన గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన కమాలుద్దీన్ ఫార్సీ, నీరు నింపిన గాజుగోళాన్ని వానచుక్కగా భావించి ప్రయోగాలు చేసి ఇంద్రధనుస్సు గుట్టు విప్పాడు. చుక్కలో కాంతి ఎలా నడుస్తుందో 14వ శతాబ్దపు తొలినాళ్లకే మన పెద్దలు అంత శ్రద్ధగా చూశారు.

ఇక్కడొక చిన్న సవరణ. కెమెరా అన్న మాట అరబ్బీ ఖుమ్రా నుంచి వచ్చిందని మన ఉపన్యాసాల్లో తరచు వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. కాని అది లాటిన్ మాట. గది అని దాని అర్థం. ఇబ్నుల్ హైసమ్‌కు లేని గొప్పను అంటగట్టనక్కర్లేదు. ఉన్న గొప్పే చాలా పెద్దది. పూర్వులు చెప్పారని దేన్నీ నమ్మవద్దని, పరీక్షించి చూడమని ఆయన తన రచనల్లో చూపిన దారి. ఆయన మీద గౌరవంతోనే ఆయనకు నచ్చని పని మనం చేయకూడదు.

గాజుపూసతో చుక్కలోని జీవులను మొదట చూసిన ఘనత హాలండు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్‌ది. 1674, 1676 సంవత్సరాల్లో ఆయన లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. ఆయనకు విశ్వవిద్యాలయపు చదువు లేదు. బట్ట నేత చూడడానికి కటకం వాడే అలవాటు అక్కడికి దారితీసింది. దుకాణం పెట్టుకుని బతికే మన కుటుంబాల్లోని పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కెమెరా మైక్రోస్కోపుకు తోడైనది చాలా తర్వాత. 1845లో పారిస్‌లో డోనే అనే వైద్యుడు, ఫూకో అనే శాస్త్రజ్ఞుడు కలిసి ప్రచురించిన చిత్రాల సంపుటం తొలినాళ్ల ప్రయత్నాల్లో పేరున్నది.

హజ్ యాత్రికులు పూర్వం ఓడలో దాటిన ఎర్రసముద్రానికీ ఈ కథలో చోటుంది. ఎహ్రెన్‌బర్గ్ అనే జర్మన్ పరిశోధకుడు హెంప్రిచ్ అనే మిత్రుడితో కలిసి 1820 నుంచి కొన్నేళ్లు ఈజిప్టు, అరేబియా తీరాల్లో తిరిగాడు. 1823లో సినాయి తీరాన తూర్ దగ్గర అఖాతంలో నీరు నెత్తుటి రంగులో ఉండడం చూశాడు. ఆ నీటిని సీసాలో పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, కంటికి ఆనని తంతువుల కట్టలను కనుగొన్నాడు. తర్వాత ట్రైకోడెస్మియం అన్న పేరు పెట్టాడు. ఎర్రసముద్రానికి ఆ పేరు దీనివల్లే వచ్చిందని కొందరు అంటారు. అది తేలని విషయం. మన బంగాళాఖాతంలోనూ అప్పుడప్పుడు రంపపు పొట్టులా తేలుతూ ఇదే కనిపిస్తుంది. హెంప్రిచ్ 1825లో మసావా రేవులో జ్వరంతో చనిపోయాడు. సముద్రపు చుక్కను చూడడానికి ఇంటికి దూరంగా ప్రాణాలు పోగొట్టుకున్నవారున్న రోజులవి.

ప్రాణులను ఫోటో తీయవచ్చునా అన్న ప్రశ్న కొన్ని ఇళ్లలో వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ప్రాణుల బొమ్మలు చేయడం గురించి హదీసుల్లో గట్టి హెచ్చరికలు ఉన్నాయి. ఫోటో ఆ కోవలోకి వస్తుందా రాదా అన్న విషయంలో ఉలమాలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఒకప్పుడు ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, ఫోటో అంటే కొత్తగా రూపం కల్పించడం కాదని, ఉన్న నీడను పట్టి ఉంచడమేనని వాదిస్తూ ఒక పుస్తకమే రాశారు. మన ఉపఖండంలో దేవ్‌బంద్ సంప్రదాయపు పెద్దలు చాలామంది ఫోటోను కూడా బొమ్మగానే లెక్కించి, అవసరమైన చోట మినహాయింపు ఇచ్చారు. విద్య కోసం, వైద్యం కోసం తీసేవాటి పట్ల చాలామంది వైఖరి మెత్తనిది. తీర్పు ఇవ్వడం ఈ వ్యాసం పని కాదు. సందేహం ఉన్నవారు తాము నమ్మే ఆలిమ్‌ను అడగడం మంచిది. డయాటమ్ అయితే జంతువే కాదన్న సంగతీ ఆయనకు చెప్పండి. తలా ముఖమూ లేనిదాని మీద ఆయన ఏమంటారో వినదగ్గ విషయం.

ఏ అభిప్రాయం వారైనా ఒప్పుకునే సంగతి ఒకటుంది. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ గురించి, చీమల పుట్టను కాల్చడం గురించి ప్రవక్త మహనీయులు (స) చేసిన హెచ్చరికలు మనకు తెలుసు. చుక్కలోని ప్రాణికీ అది వర్తించదనడానికి మనకు కారణం కనబడదు.

ఇక అసలు విషయానికి వద్దాం. సముద్రపు నీటి చుక్క అంటూ ఒక ఫోటో ఏళ్ల తరబడి చేతులు మారుతోంది. పీత పిల్ల, చేప గుడ్లు, డయాటమ్‌లు, పురుగులు అన్నీ కిక్కిరిసి ఉంటాయి. "మీరు ఈతకొడుతూ మింగే ఒక్క చుక్కలో ఇంత ఉంది" అని కింద రాసి ఉంటుంది. అది డేవిడ్ లిట్‌ష్వాగర్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ తీసినది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో 2007లో వచ్చింది. ఫోటోలో ఏ అబద్ధమూ లేదు. కాని అది సన్నని వలతో సముద్రంలోంచి కూడగట్టిన నీరు. మామూలు చుక్క అంత రద్దీగా ఉండదు. తీసినవాడు నిజమే తీశాడు, చేతులు మార్చినవారు కింది మాట మార్చేశారు.

మనవాళ్లలో తిరిగే మరో రకం ఫోటోలున్నాయి. చేప ఒంటి మీద పవిత్ర నామం ఉందని, పగడం మీద కలిమా కనిపించిందని. కొన్ని యాదృచ్ఛికమైన మచ్చలు. కొన్ని కంప్యూటరులో దిద్దినవి. పంపినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని అబద్ధమని తేలిన రోజు ఇంట్లోని చదువుకునే అబ్బాయి, అమ్మాయి ముందు ఎవరి మాట తేలిపోతుంది? ఫోటోను నమ్మిన అబ్బా మాట తేలిపోతుంది. ఆ తర్వాత అబ్బా చెప్పే నిజమైన విషయాల మీద కూడా సందేహం వస్తుంది. ఇది చిన్న నష్టం కాదు. ఒంటికన్ను కోపిపాడ్ పదకొండు దశలు దాటి తల్లి కావడంలో లేని మహిమ చేప మచ్చలో ఏముందని వెతుకుతాం?

అందుకని తొట్టెలోని జీవులను తీసేవారు కొన్ని పద్ధతులు పాటించడం మేలు. కొలత వేయండి. కంటి కటకం మీద 18 అన్న అంకె ఉంటే, దాన్ని కింది కటకపు అంకెతో భాగించండి. 4 రెట్ల కటకంలో కనిపించే వలయం అడ్డుకొలత నాలుగున్నర మిల్లీమీటర్లు, 10కి 1.8, 40కి 0.45. లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును స్లైడు చోట పెట్టి ఒక ఫోటో తీసుకుంటే మిల్లీమీటరు ఎంతో తెలిసిపోతుంది. కొలత లేని ఫోటోలో కోపిపాడ్ రొయ్యంత అయిపోతుంది. రంగు పెంచితే పెంచామని రాయండి. 400 రెట్లలో స్పష్టంగా కనిపించే లోతు ఒక మైక్రాను అటూ ఇటూ ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందుకని పది పదిహేను ఫోటోలు తీసి కంప్యూటరులో ఒకటిగా కలుపుతారు. అది మోసం కాదు, కలిపామని చెప్పకపోతే చూసేవారికి తప్పుడు లెక్క అందుతుంది. పేరు తెలియకపోతే తెలియదనే రాయాలి. రెండు డయాటమ్‌ల మధ్య తేడా పెంకును ఆమ్లంతో శుభ్రం చేస్తేగాని పండితులకే తేలదు.

ఇలా నిజాయితీగా తీసిన ఫోటో తొట్టెలో ప్రాణాలు నిలిపిన సందర్భాలుంటాయి. క్లౌన్ చేప ఒంటి మీద తెల్లటి చుక్కలు వచ్చాయనుకోండి. దుకాణంలో చెప్పగానే రాగి మందు పోయమంటారు. రాగి ఆ తొట్టెలోని కోపిపాడ్‌లను, నత్తలను, రొయ్యలను చంపేస్తుంది. చుక్కలు వైరస్ వల్ల వచ్చిన లింఫోసిస్టిస్ అయితే రాగితో ఏ లాభమూ లేదు. చేప చర్మం మీంచి నైపుణ్యమున్నవారు మెల్లగా గీకి తీసిన పొరను స్లైడు మీద చూస్తే సంగతి తెలుస్తుంది. ముదురు రంగులో గుండ్రంగా ఉండి, చుట్టూ వెంట్రుకలతో నెమ్మదిగా బొంగరంలా తిరుగుతూ ఉంటే అది క్రిప్టోకారియన్. వీడియో తీసి చేపల వ్యాధుల నిపుణుడికి చూపిస్తే మందు అవసరమా, అవసరమైతే చేపను వేరే తొట్టెలోకి మార్చి వేయాలా అన్నది చెప్పగలడు. క్రిప్టోకారియన్ చేప ఒంటి మీద కొన్నాళ్లుండి, రాలిపోయి, ఇసుకలో గూడు కట్టుకుని, వందలుగా మళ్లీ బయటికి వస్తుంది. చేప దొరకకపోతే అవి ఒకటి రెండు రోజుల్లో నశిస్తాయి. అందుకే చేపలను తీసి తొట్టెను రెండు నెలలకు పైగా ఖాళీగా ఉంచుతారు. ఆ ఖాళీ రోజుల్లో కోపిపాడ్‌లు తినేవారు లేక విపరీతంగా పెరుగుతాయి. ఫోటోలు తీసేవారికి అంతకన్నా మంచి కాలం దొరకదు.

పిల్లలున్న ఇంట్లో దీనికి ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, తొట్టెలో ఏ చోటు నుంచి తీసినది, ఎన్ని రెట్లు, నీటి ఉప్పదనం ఎంత, ఎవరు చూశారు అన్నవి ఫోటో పక్కన రాయించండి. అమ్మాయిలకు ఈ పని ఇంకా బాగా పట్టుబడుతుంది. చూడడం అయ్యాక చుక్కను పిప్పెట్‌తో పీల్చి తిరిగి తొట్టెలోకి వదలండి. రోగం ఉందని అనుమానించిన చుక్కను మాత్రం వదలకూడదు, వేడినీళ్లలో పారబోయాలి. గోధుమరంగు పొర విషయానికొస్తే, ఏ మందూ పోయకుండా శుద్ధజలం వాడుతూ ఉంటే నీటిలో సిలికా తరిగిపోయి, కొన్ని వారాల్లో అది తనంతట తానే పలచబడుతుంది. డయాటమ్‌లను ఫోటో తీయాలనుకునేవారు ఈ లోపలే తీసుకోవాలి.